ఇల్లు ఎందుకు పాడైంది?

కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్ళలో తాళం పడిన మండువా లోగిళ్ళు చాలా కనిపిస్తాయి. అరుగు సందులో రావిమొక్క మొలిచి ఉంటుంది. పెంకులు అక్కడక్కడా జారి వాసాలు బయటపడి ఉంటాయి. నడుము ఎత్తు వరకు గోడలు పెచ్చులూడి ఇటుకలు తేలి ఉంటాయి. కట్టించినవాళ్ళు కాలం చేశారు. వాళ్ళ పిల్లల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో, ఒకరు డాలస్‌లో ఉంటారు. ఏటా వానలకు ముందు వచ్చి పెంకు సర్దించే తీరిక ఎవరికీ లేదు. ‘ఎంతొస్తే అంతకి అమ్మేద్దాం’ అనుకుంటారు. ఉద్యోగ విరమణ చేసి సొంతూరికి తిరిగొద్దామనుకునే దంపతులకు ఆ కబురు చేరుతుంది: ఖాళీ స్థలం ధర కన్నా తక్కువకే ఇల్లు వస్తోందట!

కొనవచ్చా?

ఊళ్ళో అడిగితే రెండు జవాబులు వస్తాయి. ‘పాతకాలపు కట్టుబడి, వందేళ్ళైనా కదలదు’ అంటారొకరు. ‘ఆ గోడలు చూశారా? పడగొట్టి స్లాబు వేసుకోండి’ అంటారు ఇంకొకరు. ఇద్దరూ చూసింది ఇంటి వాలకాన్నే. వాలకం ఎంత పాడైందో చెబుతుంది, అంతవరకే. కొనేవాడు తేల్చుకోవలసినవి వేరే మూడున్నాయి. ఈ ఇల్లు ఎందుకు పాడైంది? ఆ కారణం ఇంకా పని చేస్తోందా? దాన్ని నేను ఆపగలనా? ఈ మూడింటికీ జవాబు గోడల మీద, దూలాల మీద, గచ్చు మీద కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చదవడానికి కాస్త భౌతికశాస్త్రం, కాస్త రసాయనశాస్త్రం చాలు.

చౌకలో రెండు రకాలు

చౌక ఇల్లు మన ఊళ్ళకే పరిమితం కాదు. జపాన్‌లో 2023లో జరిపిన గృహ సర్వేలో దాదాపు 90 లక్షల ఇళ్ళు ఖాళీగా తేలాయి. అంటే దేశంలో ఉన్న ఇళ్ళలో 13.8 శాతం. ఇటలీలో సిసిలీ ద్వీపపు కొండ ఊళ్ళు, గాంజీ, ముస్సొమేలి వంటివి, శిథిలమైన ఇళ్ళను ఒక్క యూరోకే ఇవ్వజూపాయి. కొన్నవాళ్ళు గడువులోగా బాగుచేయించాలన్నది షరతు. అక్కడ ఒక్క యూరోకి దొరికేది మరమ్మతు బాధ్యత, దానితోపాటు ఇల్లు. మన ఊరి చౌక ఇంటినీ ఈ కంటితోనే చూడాలి.

అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు. కారులో ఉన్న లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందువల్ల కొనేవాడు భయపడి అన్ని కార్లకూ తక్కువ ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు అమ్మడం గిట్టక మంచి కార్లవాళ్ళు బజారు నుంచి తప్పుకుంటారు. చివరికి లోపం ఉన్నవే ఎక్కువగా మిగులుతాయి. ఈ ఆలోచనకు 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మన మండువా లోగిలి విషయంలో ఒక తేడా ఉంది. డాలస్‌లో ఉన్న వారసుడు ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా నిద్రపోలేదు. వానాకాలంలో ఏ గది కారుతుందో అతనికీ తెలియదు. అమ్మేవాడికీ కొనేవాడికీ సమానంగా తెలియని సరుకు ఇది. అందుకే ఇక్కడ చౌక రెండు రకాలు. వారసులు దూరంగా ఉండటం వల్ల, తొందర వల్ల వచ్చిన చౌక ఒకటి. ఇంట్లోనే ఉన్న జబ్బు వల్ల వచ్చిన చౌక మరొకటి. మొదటిది కొనేవాడి అదృష్టం, రెండోది అతని మెడకు చుట్టుకునే ఖర్చు. ధర చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తేలాలంటే తాళం తీయించి లోపలికి వెళ్ళాలి.

మొదట నేల

లోపలికి వెళ్ళగానే కళ్ళు పైకప్పు మీదికి పోతాయి. ముందు కిందికి చూడాలి. కప్పు మార్చవచ్చు, గోడ తిరిగి కట్టవచ్చు, నేలను మార్చలేం.

నేల కదిలితే గోడ బీటలు వారుతుంది. అయితే ప్రతి బీటా ఒకే మాట చెప్పదు. పూత మీద సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు పూత ఆరేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల వచ్చినవి. వాటితో భయం లేదు. ద్వారబంధం మూల నుంచో కిటికీ మూల నుంచో బయలుదేరి, ఇటుకల సందుల వెంట మెట్లుమెట్లుగా ఏటవాలుగా పైకి ఎక్కే బీట వేరు. పునాదిలో ఒక భాగం కుంగిందని, మిగతాది కుంగలేదని అది చెబుతోంది. ఇల్లంతా ఒక్కలాగే కుంగితే గోడలు పెద్దగా బాధపడవు. ఒక మూల దిగి, పక్క మూల నిలబడితేనే గోడ చీలుతుంది.

బీట వెడల్పు కొలవండి. బ్రిటన్ భవన పరిశోధకులు వాడే వర్గీకరణలో 5 మిల్లీమీటర్ల లోపు బీటలు ఇంటి అందానికి సంబంధించినవి. 5 నుంచి 25 వరకు తలుపులు బిగుసుకుపోయి వాడకానికి ఇబ్బంది. 25 దాటితే గోడ నిలకడకే ముప్పు. వెడల్పు కన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: ఆ బీట బతికి ఉందా? యాభై ఏళ్ళ కిందట పునాది ఒకసారి సర్దుకున్నప్పుడు పడి, అక్కడే ఆగిన బీట మాని మిగిలిన మచ్చ వంటిది. దాని అంచులు గుండ్రంగా అరిగి, లోపల దుమ్ము, పాత సున్నపు పూతలు ఉంటాయి. కొత్త బీట అంచులు పదునుగా, లోపల ఇటుక రంగు తాజాగా ఉంటుంది. అనుమానం తీరాలంటే మేస్త్రీలకు తెలిసిన పాత పద్ధతి ఒకటుంది. బీటకు అడ్డంగా సన్నని గాజుపలకను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో రెండు వైపులా అతికించి తేదీ వేసి ఉంచుతారు. గోడ కదిలితే గాజు పగులుతుంది.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిస్తే గాని ఈ పరీక్ష పూర్తి కాదు. అందుకు కారణం గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇళ్ళున్నవారికి బాగా తెలుసు: నల్లరేగడి. ఆ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకఖనిజం ఉంటుంది. అది పలచని పొరలు పేర్చినట్టుండే పదార్థం. నీరు ఆ పొరల మధ్యకు దూరి వాటిని ఎడంగా తోస్తుంది. అందుకే వానాకాలంలో నేల ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఇంటి నడిమి భాగం కింద నేల నీడలో ఉండి తడి నిలుపుకుంటుంది. బయటి గోడల కింద నేల ఏటా ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది. లోతు లేని పునాది మీద నిలిచిన ఇల్లు అలా ఏటేటా కదిలి కదిలి చీలుతుంది. ఈ మట్టి కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున గుండ్రని ఉబ్బుతో, తేమ మారని లోతు వరకు దిగే పైల్ పునాదుల పద్ధతిని రూపొందించింది. కొత్త ఇంటికి అది చక్కని మందు. నిలిచి ఉన్న పాత ఇంటి కింద ఆ పని చేయించడం మాత్రం ఖర్చుతో, ప్రమాదంతో కూడినది.

కాబట్టి నల్లరేగడి మీద బీట బతికి ఉన్న ఇల్లు కనిపిస్తే, దాని ధరను స్థలం ధరగానే చూడాలి. ఇంటి కోసం అదనంగా ఒక్క రూపాయి లెక్కకట్టినా తప్పే. అలాగని తొందరపడకూడదు కూడా. కొన్నిసార్లు బీటకు కారణం గోడ పక్కన వదిలేసిన స్నానాల గది తూము, పగిలిన నీటి గొట్టం, గోడను ఆనుకుని పెరిగిన పెద్ద చెట్టు అవుతుంది. తూము మళ్ళిస్తే ఆగిపోయే బీట అది. ఎందుకు పాడైందన్న ప్రశ్న ఇక్కడే అక్కరకు వస్తుంది.

కింది నుంచి ఎక్కే నీరు

ఇప్పుడు గోడ అడుగు చూద్దాం. డెల్టా ఊళ్ళలో పాత ఇళ్ళన్నిటికీ దాదాపు ఒకే రోగం: మోకాలి నుంచి నడుము దాకా చెమ్మ, దాని పై అంచున తెల్లని ఉప్పు నురగ.

నీరు పల్లానికే పారుతుందని మనకు తెలుసు. ఇటుకలో మాత్రం అది పైకి ఎక్కుతుంది. సన్నని గొట్టాన్ని నీటిలో నిలిపితే తలతన్యత వల్ల నీరు గొట్టంలో పైకి పాకుతుంది. గొట్టం ఎంత సన్ననిదైతే అంత ఎత్తు. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న గాజు గొట్టంలో నీరు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కుతుంది. వ్యాసార్థాన్ని నూరో వంతుకు తగ్గిస్తే ఎత్తు వంద రెట్లై ఒకటిన్నర మీటర్లు అవుతుంది. ఇటుకలో, సున్నంలో ఉన్నవి అంతటి సన్నని రంధ్రాలే. భూగర్భజలం చేతికందే లోతులో ఉన్న డెల్టాలో గోడ దీపపు వత్తిలా పని చేస్తుంది. ఎక్కిన నీరు గోడ ముఖం నుంచి ఆవిరైపోతూ ఉంటుంది. ఎక్కేదీ ఆవిరయ్యేదీ సమానమైన చోట చెమ్మ ఆగుతుంది. సాధారణంగా అది మీటరు అటూ ఇటూగా ఉంటుంది.

నీరు ఆవిరై పోతుంది గాని అది మోసుకొచ్చిన ఉప్పు పోదు. ఇటుక రంధ్రాల్లోనే స్ఫటికాలై పెరుగుతుంది. పెరిగే స్ఫటికం రంధ్రపు గోడలను లోపలి నుంచి తోస్తుంది. ఏటా తడవడం, ఆరడం, మళ్ళీ తడవడం. కొన్నేళ్ళకు ఇటుక ముఖం పొడిగా రాలుతుంది. గోడ ఉప్పు పట్టిందని మనవాళ్ళు అనేది ఇదే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పెచ్చులూడిన సున్నపు పూతను గీకేసి దట్టంగా సిమెంటు పూస్తారు. ఏడాది పాటు గోడ కొత్తదానిలా ఉంటుంది. తర్వాత చెమ్మ నడుము దాటి భుజం ఎత్తుకు చేరుతుంది. నేరం గోడది కాదు. పాత గోడ ఊపిరి పీల్చేది. సున్నపు పూత గుండా చెమ్మ బయటికి పోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. ఆవిరయ్యే దారి లేని నీరు ఇంకా పైకి ఎక్కి, సిమెంటు పూత ఎక్కడ అయిపోతే అక్కడ బయటపడింది.

సున్నానికీ సిమెంటుకూ ఉన్న ఈ తేడా పాత ఇళ్ళు కొనేవారంతా తెలుసుకోవాలి. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోయి సున్నం మిగులుతుంది. నీరు పోసి తడిపి, ఇసుకతో గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి మన పూర్వులు డంగుసున్నం తయారు చేశారు. గోడలో చేరాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. సన్నని పగులు వస్తే లోపల కలవకుండా మిగిలిన సున్నం నీటిలో కరిగి పగులులోకి చేరి దాన్ని పూడుస్తుంది కూడా. మెత్తగా ఉండటం, ఊపిరి తీయడం, తనను తాను మాన్పుకోవడం దాని గుణాలు. 1824లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్న పోర్ట్‌లాండ్ సిమెంటు నుంచి ఎదిగిన నేటి సిమెంటు బలమైనది, గట్టిది, నీటిని అంతగా వదలనిది. దాని పని దానికుంది. సున్నపు గోడ మీద పూతగా మాత్రం అది తగదు.

చెమ్మ ఎటు నుంచి వచ్చిందో దాని ఆకారమే చెబుతుంది. అన్ని గోడలకూ ఒకే ఎత్తులో పట్టీలా ఉంటే నేల నుంచి ఎక్కింది. పైన మొదలై కిందికి జారుతూ, వానల తర్వాత పెరిగితే కప్పు నుంచి దిగింది. ఒక్కచోటే మచ్చలా ఉండి అన్ని కాలాల్లోనూ తడిగా ఉంటే గొట్టం కారుతోంది. చివరి రెండూ సులభంగా ఆగేవి. మొదటిదాన్ని పూర్తిగా ఆపలేకపోయినా, సిమెంటు గీకించి, సున్నపు పూత వేయించి, ఇంటి చుట్టూ నీరు నిలవకుండా వాలు కల్పిస్తే అదుపులో ఉంటుంది.

కాని ఒక్క సంగతి వీధిలో నిలబడి చూడాలి. ఏళ్ళ తరబడి రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరే అరుగు ఇప్పుడు వీధి కన్నా పల్లమైపోయిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇంటి గచ్చు రోడ్డు కన్నా కిందికి పోతే ప్రతి వానా ఇంట్లోకే వస్తుంది. ఆ కారణం మన చేతిలో లేదు, పైగా పెరుగుతూనే ఉంటుంది. జాకీలు పెట్టి ఇంటిని పైకెత్తే పనివాళ్ళు ఉన్నారు గాని, ఉప్పు తిన్న గోడలు ఆ ఒత్తిడికి ఓర్చుకుంటాయో లేదో ఇంజనీరు చూసి చెప్పాలి.

పై నుంచి దిగే నీరు

కప్పు పాడైన ఇల్లు చూడటానికి భయంకరంగా ఉంటుంది. నిజానికి ఇది తేలికగా నయమయ్యే రోగం. ధర మీద దీని ప్రభావం ఎక్కువ కాబట్టి, లోపలి గోడలు బాగున్న పక్షంలో కొనేవారికి ఇదే అవకాశం.

మంగుళూరు పెంకులను 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టి తయారు చేయడం మొదలుపెట్టారు. ఒక పెంకు గాడిలో మరొకటి కూర్చునే ఆ అమరిక ఇప్పటికీ పనికొస్తోంది. పగిలినవాటిని తీసి కొత్తవి వేయవచ్చు. మండువా ఇంట్లో చూడవలసింది పెంకుల కన్నా మూలలను. నాలుగు వైపుల వాలులు లోపలికి వాలి నీటిని మండువాలోకి దింపుతాయి. రెండు వాలులు కలిసే మూల గాడిలో నీరంతా చేరుతుంది. అక్కడి రేకు తుప్పు పట్టినా, ఆకులు పేరుకున్నా నీరు పొంగి కింది దూలాన్ని తడుపుతుంది. మండువాలో పడిన నీరు బయటికి పోయే తూము పూడితే పునాదే తడుస్తుంది. ఒక బకెట్టు నీళ్ళు మండువాలో పోసి చూడండి. అవి ఎటు పోతాయో, ఎంతసేపు నిలుస్తాయో గమనించండి.

రాయలసీమ మట్టిమిద్దెల కథ వేరు. వానలకు ముందు మిద్దె మీద చౌడుమట్టి పరచడం అక్కడి అలవాటు. పంటకు పనికిరాని ఆ మట్టిలో సోడియం ఎక్కువ. నీరు తగలగానే దానిలోని బంకరేణువులు విడివిడిగా చెదిరి, రంధ్రాలను పూడ్చి, నీటిని కిందికి దిగనివ్వవు. పొలంలో శాపమైన గుణాన్ని కప్పు మీద రక్షణగా మార్చుకున్నారు ఆ రైతులు. అయితే ఏటా పరచకపోతే రక్షణ లేదు, ఏటా పరుస్తూ పోతే బరువు పెరుగుతుంది. కింద దంతెలు ఎంత వంగాయో చూసి మిద్దె సంగతి తేల్చాలి.

కోస్తాలో గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గంతో పెరుగుతుంది. మన భవన ప్రమాణాల్లో విశాఖపట్నానికి, నెల్లూరుకు నిర్దేశించిన మౌలిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద పడే ఒత్తిడి సుమారు 150 కిలోల బరువుకు సమానం. తుఫానులో గాలి కప్పును కిందికి నొక్కడమే కాదు, పైకి కూడా లాగుతుంది. పెంకుల బరువు దాని ముందు చాలదు. వాసాలు దూలాలకు, దూలాలు గోడలకు గట్టిగా బిగించి ఉన్నాయా లేదా అన్నది 2014 హుద్‌హుద్ తుఫానును చూసిన వాళ్ళకు చెప్పనక్కరలేని ప్రశ్న.

చేవ ఉన్న కర్ర, చేవ లేని కర్ర

చేవ అన్న మాటను మనం మనిషి సత్తువకు వాడుతాం. అది కర్ర మాట. మాను నడిమిన ముదిరిన భాగం చేవ, చుట్టూ ఉన్న లేత భాగం తెల్లచెక్క. టేకు చేవలో చెదలకు గిట్టని సహజ రసాయనాలుంటాయి. తెల్లచెక్కలో అవి ఉండవు. అందుకే ఒకే దూలంలో అంచులు తిని, నడుమ ముట్టకుండా వదిలేసిన చెదను చూస్తాం. తాటిదూలం ఇందుకు తలకిందులు. తాడికి గట్టిదనమంతా బయటి నల్లని భాగంలో ఉంటుంది, లోపల మెత్తని పీచు. బయట అరిగిన తాటిదూలం బలమంతా పోగొట్టుకున్నట్టే.

చెద గాలికి, వెలుతురుకు ఓర్వదు. అందుకే నేల నుంచి గోడ మీదుగా మట్టితో దారి కట్టుకుని లోపల నడుస్తుంది. కొన్ని జాతులు పుట్టలో బూజును పంటలా పెంచుకుంటాయి. ఆ పంటే వానలకు పుట్ట మీద గొడుగై లేస్తుంది. పుట్టగొడుగు అన్న పేరులోనే ఆ సంగతి ఉంది. ఇంట్లో మట్టిదారి కనిపిస్తే గోరంత గీకి, రెండు రోజుల తర్వాత చూడండి. తిరిగి పూడ్చి ఉంటే చెద ఇంకా ఉంది. పూడ్చకపోతే చాలావరకు అది పాత కథ. చెదకూ, కర్రను కుళ్ళబెట్టే బూజుకూ తేమ ప్రాణం. కర్రలో తేమ 20 శాతం కన్నా తక్కువుంటే బూజు పెరగలేదు. కాబట్టి కర్ర రోగం కూడా తిరిగి తిరిగి నీటి దగ్గరికే వస్తుంది.

దూలం నడుమ బాగుందని నమ్మకండి. గోడలో దిగిన కొసలు చూడండి. చెమ్మ గోడలో మునిగి ఉండే ఆ కొసలే ముందు కుళ్ళుతాయి. సుత్తితో తట్టితే మంచి కర్ర ఖంగుమంటుంది, తిన్న కర్ర డొల్లగా మోగుతుంది. స్క్రూడ్రైవరు గుచ్చితే ఎంత దిగుతుందో చూడండి. చిన్న నష్టం ఎంత పెద్దదో ఒక లెక్క చెబుతుంది. దూలం బలం దాని లోతు వర్గాన్ని బట్టి ఉంటుంది. 12 అంగుళాల లోతు దూలానికి పైనా కిందా ఒక్కో అంగుళం పోతే 10 మిగులుతుంది. కొలతలో పోయింది ఆరో వంతు, బలంలో పోయింది 30 శాతం, వంగకుండా నిలిచే గుణంలో పోయింది 42 శాతం.

స్లాబు ఇంటి రోగం

పాత పెంకుటిల్లు కన్నా పాత స్లాబు ఇల్లు నమ్మదగినదని చాలామంది అనుకుంటారు. స్లాబుకు పట్టే రోగం ఆలస్యంగా కనిపిస్తుంది, కనిపించేసరికి ముదిరి ఉంటుంది.

కొత్త కాంక్రీటు బలమైన క్షారం. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఇనుప ఊచల చుట్టూ కంటికి కనిపించని రక్షణ పొర ఏర్పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి దిగి క్షారాన్ని తగ్గిస్తుంది. సున్నపు గోడకు బలమిచ్చిన చర్యే ఇక్కడ ఇనుముకు శత్రువైంది. ఈ దిగడం కాలపు వర్గమూలం చొప్పున సాగుతుంది. 10 ఏళ్ళలో 10 మిల్లీమీటర్లు దిగితే, 20 దిగడానికి 40 ఏళ్ళు పడుతుంది. ఊచ మీద కాంక్రీటు మందం 20 మిల్లీమీటర్లుంటే ఆ ఇంటికి 40 ఏళ్ళ రక్షణ. మేస్త్రీ అజాగ్రత్తతో 10 మాత్రమే ఉంచితే రక్షణ 10 ఏళ్ళే. సగం మందం తగ్గితే పోయేది ముప్పాతిక ఆయుష్షు.

రక్షణ పోయిన ఊచకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు, తాను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడి పడుతుంది. దీనికి చక్కని పరీక్ష ఫినాల్ఫ్తలీన్ ద్రావణం. కాంక్రీటును తాజాగా చెక్కి చల్లితే క్షారం ఉన్నంత మేర గులాబి రంగు వస్తుంది. రంగు రాని మందం ఊచను దాటిపోయిందంటే రక్షణ అయిపోయినట్టే.

సముద్రపు ఒడ్డున ఇంకో శత్రువు ఉంది: క్లోరైడు. సముద్రపు గాలి తెచ్చేది కొంత, కట్టేటప్పుడు ఉప్పు ఇసుక కలిపితే వచ్చేది కొంత. క్లోరైడు పట్టిన స్లాబులో ఊడిన చోట మాత్రం పూస్తే దాని పక్కనే కొత్తగా తుప్పు లేస్తుంది. కింద కొత్తగా సీలింగ్ కొట్టి, రంగు వేసి అమ్మే పాత స్లాబు ఇంట్లో ఆ సీలింగ్ ఒకచోట తీయించి చూడకుండా బయానా ఇవ్వకండి.

మరమ్మతులో ఇంటివాళ్ళ ఆరోగ్యం సంగతీ ఉంది. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల్లో 90 పాళ్ళు దాటకూడదు. అంతకు ముందటి రంగుల్లో ఎక్కువ ఉండే అవకాశం ఉంది. పాత తలుపుల రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు హాని. తడిపి గీకించాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఆస్బెస్టాస్ రేకులను పగలగొట్టకుండా, తడిపి, మొత్తంగా దింపించాలి.

కాగితంలో బీట

సుత్తితో తట్టినా తెలియని బీట ఒకటుంది. అది హక్కులో ఉంటుంది. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయించడం తప్పనిసరి. కాని రిజిస్టరు కాని వీలునామా, నోటి మాటగా జరిగిన పంపకం ఈసీలో కనిపించవు. గ్రామకంఠం ఇళ్ళకు పాత దస్తావేజులే లేకపోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు, 2005 చట్ట సవరణతో దేశమంతటా కూతుళ్ళకు హిందూ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. అన్నదమ్ములు ముగ్గురూ సంతకం పెట్టినా, అక్కచెల్లెళ్ళ సంతకం లేని ఇల్లు బీట బతికి ఉన్న ఇల్లే. ఈ పరీక్ష లాయరు చేత చేయించాలి.

లెక్క

ఇప్పుడు ధర దగ్గరికి వద్దాం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి ధరలు వేసుకుని మళ్ళీ చేసుకోండి.

స్థలం 200 గజాలు, గజం 8 వేలు. ఖాళీ స్థలమైతే 16 లక్షలు. ఇంటితో కలిపి అడుగుతున్నది 14 లక్షలు. మరమ్మతు అంచనా 9 లక్షలు, లోపల దాగినదాని కోసం మరో మూడో వంతు కలిపి 12. అంటే మొత్తం 26 లక్షలు. ఖాళీ స్థలం కొని 1,200 చదరపు అడుగుల కొత్త ఇల్లు అడుగుకు 2 వేల చొప్పున కడితే 16కు 24 కలిపి 40 లక్షలు. ఇల్లు నిలబెట్టదగినదైతే మిగులు 14 లక్షలు.

నిలబెట్టదగనిదైతే? 14కు కొని, లక్షతో పడగొట్టి, 24తో కొత్తది కడితే 39 లక్షలు. దూలాలు, ద్వారబంధాలు అమ్మగా వచ్చేది దీంట్లో తగ్గుతుంది. చూశారా, ఇల్లు పనికిరాదని మొదటిరోజే తెలిస్తే పెద్ద నష్టం లేదు. స్థలం మిగిలే ఉంది.

నష్టం మూడో దారిలో ఉంది. 14కు కొని, 9 పెట్టి మరమ్మతు చేయించి, రెండేళ్ళకు పునాది కుంగుతోందని తెలుసుకుని, పడగొట్టి మళ్ళీ కడితే 48 లక్షలు. ఆలస్యంగా తెలుసుకోవడం ఖరీదు 9 లక్షలు. కొనకముందు అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజనీరుకు, వడ్రంగికి, లాయరుకు ఇచ్చే రుసుము దీని ముందు ఏపాటి?

లోకం కోసం ఒక లెక్క కూడా ఉంది. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. నిలబెట్టగల ఇల్లు నిలబెడితే అంత సిమెంటు, అంత ఇనుము, అంత ఇసుక మిగిలినట్టే. ఆ టేకు దూలాలు అడవిలో ఎదగడానికి పట్టిన కాలాన్ని ఎవరూ డబ్బిచ్చి కొనలేరు.

తీర్పు

కప్పు పోయినా, నేల కదలకుండా, గచ్చు వీధి కన్నా ఎత్తులో, దూలాల కొసలు గట్టిగా, హక్కు కాగితాలు సరిగ్గా ఉంటే ఎంత శిథిలంగా కనిపించినా ఆ ఇల్లు కొనదగినది. సున్నపు రంగుతో మెరుస్తున్నా బీట బతికి ఉన్నది, వీధి నీరు లోపలికి వచ్చేది, క్లోరైడు పట్టిన స్లాబు ఉన్నది కొనదగినది కాదు. కొన్నా స్థలం ధరకే, పడగొట్టే ఖర్చు తగ్గించుకునే కొనాలి.

వీలైతే ఎండాకాలంలో బేరం కుదుర్చుకోకండి. తొలకరి దాకా ఆగండి. పెద్ద వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఆ ఇంటికి వెళ్ళి, గంటసేపు లోపల నిలబడండి. నీరు ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడ ఆగుతోందో, ఎటు పోతోందో కాగితం మీద గీసుకోండి. ధర మాట ఆ తర్వాతే మాట్లాడండి.